కర్త కాని భోక్త

2024 జూన్ 18 నాటికి మా బేస్‌బాల్ జట్టు సియాటిల్ మెరైనర్స్ తమ విభాగంలో పది ఆటల ఆధిక్యంతో ఉన్నారు. నెల తిరిగేసరికి ఆ పదీ హరించుకుపోయి హ్యూస్టన్ ముందుకెళ్ళింది. ఆ జులైలో మా పెరటి డెక్ మీద సాయంత్రాలన్నీ వాదనలే. ఒకవైపు మా మరిది. ఇంకోవైపు పక్కింటి పెద్దాయన, 1977లో జట్టు పుట్టినప్పటినుంచీ చూస్తున్న మనిషి. మధ్యలో నేను. గీతా క్లాసులో ఆదివారం విన్నదాన్ని సోమవారం ఆటకి అంటగట్టే అలవాటు నాది.

"గిల్బర్ట్, కిర్బీ, కాస్టియో, మిల్లర్, వూ... ఈ అయిదుగురూ వంతులేసుకుని ఇలా బంతి వేస్తుంటే మనం అక్టోబరు ప్లేఆఫ్స్‌కి వెళ్ళకుండా ఎవడు ఆపుతాడు వదినా?" అంటాడు మరిది. "ఎవడో ఎందుకు, మన బ్యాట్లు చాలవూ?" అంటాడు పెద్దాయన. ఒక పిచర్‌ని ఇచ్చేసి మంచి బ్యాటర్‌ని తెచ్చుకోవాలని ఆయన పట్టు. దూలం అమ్మి గుమ్మానికి రంగేయించుకున్నట్టుంటుందని వీడి ఎదురువాదం. జులై నెలాఖరుతో ఆటగాళ్ళ మార్పిడి గడువు ముగుస్తుంది కాబట్టి ఇద్దరిదీ తొందరే.

నాకు మాత్రం అసలు ప్రశ్న వేరేచోట కనిపించేది. పని ఒకరిది, ఫలం ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆ పనికి విలువ కట్టేదెలా? దీనికి సియాటిల్లోనే ఒక సాక్ష్యం ఉంది. 2010లో పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.27 పరుగులే ఇచ్చాడు. అయినా అతని ఖాతాలో పడ్డవి 13 గెలుపులు, 12 ఓటములు. పిచర్‌కి గెలుపు దక్కాలంటే అతని జట్టు పరుగులు చెయ్యాలి కదా. ఆ జట్టు 162 ఆటల్లో చేసినవి 513 పరుగులు, ఓడినవి 101 ఆటలు. అయినా ఆ ఏటి ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. ఓటేసినవాళ్ళు ఫలాన్ని పక్కనపెట్టి పనిని చూశారు. కురుక్షేత్రంలో చెప్పిన మాటని పత్రికా విలేఖరులు ఓటు వేసి ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది.

గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, అయిదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని భాష్యకారులు చెప్పారు. నేను మైదానాన్ని కూడా అందులో కలుపుకుంటాను. సియాటిల్ చల్లగాలిలో బంతి దూరం పోదు, అక్కడ పిచర్‌కి సగం బలం ఆ నేలదే. కర్త పిచర్. కరణం అతని భుజం, వేళ్ళు. చేష్ట ఆ విసురు. ఇక దైవం సంగతి. 2001లో వోరస్ మెక్‌క్రాకెన్ అనే ఆయన అంకెలు ముందేసుకుని అందరూ ఉలిక్కిపడే మాట ఒకటి చెప్పాడు. స్ట్రయికౌట్లూ వాక్‌లూ హోమ్‌రన్లూ తప్పిస్తే, బ్యాట్‌కి తగిలి మైదానంలో పడే బంతి ఔటవుతుందా లేదా అన్నదాంట్లో పిచర్ చేతిలో ఉన్నది చాలా తక్కువని. అది ఫీల్డర్ ఉన్నచోట పడొచ్చు, లేనిచోటా పడొచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాటకి సవరణలు చేశారు గానీ ఎవరూ కొట్టిపారెయ్యలేదు. అయిదో కారణానికి ఇంతకన్నా శ్రద్ధగా లెక్క కట్టినవాళ్ళు నాకు తెలిసి లేరు.

ఇంతవరకూ ఆటగాడి సంగతి. మరి మా ముగ్గురి సంగతేమిటి? ఆ అయిదు కారణాల్లో అభిమాని ఎక్కడా లేడు. బంతి వెయ్యడు, పట్టడు, కొట్టడు. ఓడిన రాత్రి అన్నం సహించనిది మాత్రం అతనికే. ఒకే చెట్టుమీద ఒక పక్షి పండు తింటుంటే ఇంకొకటి తినకుండా చూస్తుంటుందని ముండకోపనిషత్తు చెబుతుంది. మాది మూడో జాతి. చూడ్డం తప్ప ఏమీ చెయ్యకపోయినా చేదంతా మా నోట్లోనే. పురుషుడు అకర్త అయినా భోక్త అని సాంఖ్యులన్నది చదువుకునే రోజుల్లో నాకు మింగుడుపడలేదు. జులైలో బేస్‌బాల్ చూస్తే దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

మా మరిది దీన్నొప్పుకోడు. వాడికి తన వంతు కర్తృత్వం కావాలి. అభిమానులందరికీ కావాలి. 2022 అక్టోబరులో టొరంటోలో ఆట జరుగుతుంటే సియాటిల్ మైదానంలో తెర ముందు కూర్చున్న జనం జోళ్ళు విప్పి నెత్తిన పెట్టుకున్నారు. 8-1తో వెనకబడ్డ జట్టు 10-9తో గెలిచింది. పాదుకలు నెత్తిన పెట్టుకున్న భరతుడికి రాజ్యం తనది కాదని తెలుసు. వీళ్ళకి మాత్రం గెలుపు తమ జోళ్ళదేనని నమ్మకం. డెక్ మీది వాదనలూ ఆ జోళ్ళలాంటివే. ఫలానావాణ్ణి ఇచ్చెయ్యాలి, ఫలానావాణ్ణి దింపాలి అన్నప్పుడల్లా ఆ అయిదు కారణాల పక్కన ఆరోదిగా ఇరుక్కుని కూర్చోవాలని చూస్తాం.

ఇది అధ్యాసే కదా, తనది కానిదాన్ని తనమీద వేసుకోవడమే కదా అని మా క్లాసులో ఒకావిడ తేల్చేశారు. నిజమే. కొడుకు బాగుంటే తానే బాగున్నాననీ, వాడికి బాగోకపోతే తనకే బాగోలేదనీ మనిషి అనుకోవడాన్ని శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఉదాహరణగా చూపించారు. కనక ఆట చూడ్డం మానెయ్యమని ఆవిడ సలహా. అక్కడే నాకు పేచీ. కొడుకు విషయంలో మానెయ్యమని ఎవరూ చెప్పరుగా!

నాకు తోచింది ఇదీ. అర్జునుడికి పని ఉంది, అందుకని ఫలం మీద ఆశ వదలమన్నారు. అభిమానికి పని లేదు, ఫలం మాత్రం వచ్చి ఒళ్ళో పడుతుంది. కాబట్టి అతని సాధన తలకిందులుగా ఉండాలి. సుఖదుఃఖాల్ని వదలక్కర్లేదు, అవి ప్రీతికి వచ్చే ఖర్చు. వదలాల్సింది తానేదో చేస్తున్నానన్న నటన. 2025 అక్టోబరు 20న టొరంటోలో, వరల్డ్ సిరీస్‌కి ఎనిమిది ఔట్ల దూరంలో ఉండగా, వాళ్ళ బ్యాటర్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. 4-3తో పోయింది. ముప్ఫై జట్లలో వరల్డ్ సిరీస్ ఆడనిది ఇప్పటికీ మాదొక్కటే. అప్పుడు బంతి వేస్తున్న బజార్డో బదులు మున్యోస్‌ని దింపి ఉంటే అని మా మరిది ఇంకా కుములుతున్నాడు. పెద్దాయనకి వాడికన్నా తక్కువ బాధేం లేదు. కళ్ళు తుడుచుకుని, తన స్కోరుకార్డు పూర్తిచేసి, "స్ప్రింగర్ బాగా కొట్టాడు" అన్నాడు. భోక్తగా ఉండటం ఆ మనిషికి తెలుసు.

ఈ విద్య నాకు ఆటకన్నా ఇంట్లోనే ఎక్కువ అవసరం. మా అబ్బాయి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాడు. వాడి కంపెనీ, వాడి అద్దిల్లు, వాడి స్నేహితులు. అక్కడి అయిదు కారణాల్లో ఎక్కడా నేను లేను. వాడికి ఇంటర్వ్యూ పోతే నిద్రపట్టనిది నాకు. ఆ నిద్ర పట్టకపోవడాన్ని తప్పనుకోను, మానుకోను. ఫోన్ చేసి "నేను ముందే చెప్పాను కదరా" అనడం మాత్రం మానుకుంటున్నాను. అది జోడు నెత్తిన పెట్టుకోవడమే.

"అలాగైతే మనం వాదించుకోవడం దేనికి వదినా?" అని మరిది అడిగాడు. వాదన కూడా భోగమేనని చెప్పాను. ఈసారి పిచర్లలో ఎవర్నీ ఇవ్వకూడదని నా అభిప్రాయం కూడా చెప్పాను. సియాటిల్లో ఎవరూ నన్నడగలేదు, అడగరు కూడా.