వినడానికి హేతువు చాలు, ఒప్పుకోవడానికి ప్రమాణం కావాలి



గీత నాలుగో అధ్యాయంలో జ్ఞానం పొందే దారిలో ‘పరిప్రశ్న’ కూడా ఉందని ఈ వారం వీడియోలో చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నా.

సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయ్ ఒక నోట్‌బుక్ చేతిలో పెట్టారు. రిటైరయ్యాక గురుత్వాకర్షణ మీద సొంతంగా రాసుకున్న సిద్ధాంతం. "ల్యాబ్ లేదని నన్నెవరూ పట్టించుకోవట్లేదురా" అన్నారు. నేను రెండు పేజీలు తిప్పి, "ప్రయోగం లేకపోతే ఎవరు చూస్తారు బాబాయ్" అనేసి ఫోన్ తీసుకున్నా. ఆయన మొహం చిన్నబోయింది. నిజానికి నేనన్నది తప్పు కూడా.

1924లో ఢాకా యూనివర్సిటీలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ ఒక చిన్న పేపర్ రాసి నేరుగా ఐన్‌స్టీన్‌కి పంపారు. అందులో కొత్త ప్రయోగం ఒక్కటీ లేదు. అయినా ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. ఎందుకంటే అప్పటికే కొలతలతో సరిపోయిన ప్లాంక్ సూత్రాన్ని బోస్ కొత్త దారిలో, ఎవరైనా లెక్క వేసి సరిచూసుకునేలా రాబట్టారు. ఆ దారిలోనే ఐన్‌స్టీన్ ఇంకాస్త ముందుకెళ్లి, వాయువుని విపరీతంగా చల్లబరిస్తే పరమాణువులు ఒకే స్థితిలోకి చేరతాయన్నారు. ల్యాబ్‌లో వాయువుతో అది చేసి చూపించింది 1995లో. డెబ్భై ఏళ్లు పట్టింది!

మన న్యాయశాస్త్రం చెప్పేదీ ఇదే. ముందు ప్రతిజ్ఞ, తర్వాత హేతువు, ఆపైన ఉదాహరణ. తర్కం దానంతటది ప్రమాణం కాదు, ప్రమాణానికి సాయం మాత్రమే. కాబట్టి హేతువు ఉన్న మాటని వినాలి. ప్రమాణం దొరికేదాకా సిద్ధాంతం అనకూడదు. రెండూ ధర్మమే.

ఇది మనకీ వర్తిస్తుంది. "క్వాంటమ్ ఫిజిక్స్ అంతా ఉపనిషత్తుల్లోనే ఉంది" అని ఫార్వర్డ్ చేస్తాం. ఏ మంత్రంలో, ఏ లెక్క అని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకుంటాం. ఉపనిషత్తు ఆత్మ గురించి చెప్తుంది. దానికి ఫిజిక్స్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

మొన్న ఆదివారం బాబాయ్‌కి ఫోన్ చేసి ముందు సారీ చెప్పా. తర్వాత అడిగా: "మీ లెక్కకి, న్యూటన్ లెక్కకి తేడా ఎక్కడ కనిపించాలి బాబాయ్?"

కాసేపు మాట లేదు. "అది ఆలోచించలేదురా. వచ్చే ఆదివారం మళ్లీ చెయ్యి, చెప్తా" అన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి నోట్‌బుక్ ఉంటే పక్కన పెట్టకండి, పొగడకండి. కూర్చుని ఒక మంచి ప్రశ్న అడగండి.

శ్రీకృష్ణార్పణమస్తు.