సభా భయం ఎవరిది?



మనిషిని వెనక్కి లాగే భయాలు ఏమిటని అడిగితే మీరేం చెబుతారు? చావు భయం అంటారు. పూట గడవదన్న భయం అంటారు. తథాగత బుద్ధుడు ఐదు భయాలు చెప్పాడు. అంగుత్తర నికాయంలో ఉన్నాయి. బతుకుతెరువు పోతుందన్న భయం, చెడ్డపేరు వస్తుందన్న భయం, సభలో జంకు, చావు భయం, దుర్గతి భయం. మూడోదాన్ని చూడండి. పాళీలో దాని పేరు ‘పరిస సారజ్జ భయం’. పరిస అంటే పరిషత్తు, సభ. సారజ్జ అంటే జంకు, బెరుకు. నలుగురి ముందు నోరు తెరవాలంటే పుట్టే భయాన్ని తథాగతుడు ఆకలి భయం, చావు భయం ఉన్న వరసలోనే పెట్టాడు.

మనం మాత్రం దాన్ని చాలా చిన్న విషయం చేసేశాం. “ఏమైతది? ఎవరన్న తింటరా నిన్ను?” అని భుజం తట్టి మైకు చేతిలో పెడతాం. మాట తడబడితే నవ్వుతాం. ఇంకోసారి ఆ మనిషి మైకు దగ్గరికి రాడు. అతనికి ధైర్యం లేదని మనమే తీర్పు చెబుతాం. ఈ చిన్న పుస్తకంలో మీతో మాట్లాడదలచుకున్నది ఆ తీర్పు గురించే. సభలో వణికేది ఒక్క గొంతే కావచ్చు. ఆ భయం మాత్రం ఆ ఒక్కరిదేనా?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది కదా. 1891లో ఆసఫియా లైబ్రరీగా ఆబిడ్స్‌లో మొదలైంది. 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంటారు. వాళ్ళలో మన పిల్లలు ఎంతమంది! రాజ్యాంగం అధికరణాలు నెంబర్లతో సహా చెప్పగలరు. అదే పిల్లాణ్ణి ఏప్రిల్ 14న బస్తీలో జయంతి సభకు పిలిచి “బాబాసాహెబ్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడు తమ్ముడూ” అనండి. “అన్నా, నాతోని కాదే” అని వెనక వరసలోకి జారుకుంటాడు. చదువు ఉంది, విషయం ఉంది, చెప్పాలని కూడా ఉంది. అయినా కాళ్ళు కదలవు. మరి ఈ జంకు ఎక్కడి నుంచి వచ్చింది?

మన తాతల నుంచి మొదలుపెట్టండి. తెలంగాణ పల్లెలో దొర ఎదుట మన తాత ఎలా నిలబడ్డాడు? చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల తీసి, తల వంచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నోటి నుంచి వచ్చే మొదటి మాట “నీ బాంచెన్ దొరా, కాల్మొక్త”. బతకడానికి ఆ శరీరం నేర్చుకున్న పాఠం అది. సభలో మాట్లాడాలంటే ఆ పాఠం మొత్తం తలకిందులు కావాలి. తల ఎత్తాలి, చేతులు విడవాలి, గొంతు పెంచాలి, ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూడాలి. తరతరాలుగా ఒంట్లో ఇంకిన పాఠాన్ని మనవడు మైకు ముందు ఒక్క నిమిషంలో మరిచిపోవాలంటే తేలికా?

ఇంకో సంగతి. మనకు మాట్లాడితే యాస బయటపడుతుందని భయం. యాస వెంట వాడ బయటపడుతుంది. వాడ వెంట కులం బయటపడుతుంది. ఆఫీసులో, కాలేజీలో నోరు మూసుకున్నంతసేపూ ఎవరికీ ఏమీ తెలియదు. అలా మౌనం ఒక దుప్పటి అయిపోయింది.

అట్లని అంతా కులం మీదికి తోసేస్తే కూడా లెక్క తప్పుతుంది. గుండె దడదడలాడడం, నోరు ఎండిపోవడం, అరచేతులకు చెమట పట్టడం ఏ కులంలో పుట్టినవారికైనా ఉండేవే. అపాయం అనుకున్నప్పుడు శరీరం ఎవరికైనా అదే పని చేస్తుంది. కాబట్టి రెండింటిని విడదీసి చూడండి. ఒకటి వణుకు, రెండోది సిగ్గు. వణుకు శరీరం స్వభావం. “నాకు మాట్లాడే అర్హత ఉందా?” అన్న సిగ్గు మాత్రం ఎవరో నేర్పింది. వణుకును ఓర్చుకోవాలి. సిగ్గును నేర్పినవాళ్ళకే తిప్పి పంపాలి.

1920 జనవరి 31న బాబాసాహెబ్ మొదలుపెట్టిన మరాఠీ పత్రిక పేరు ‘మూక్‌నాయక్’. మూగవాళ్ళ నాయకుడు అని అర్థం. మన జనం పుట్టు మూగవాళ్ళు కారు. పొలం దగ్గర, పెళ్ళిలో, చావులో పాట కట్టి పాడినవాళ్ళు, డప్పు కొట్టి ఊరికి కబురు చెప్పినవాళ్ళు. ఊరి సభలో వినేవాళ్ళు లేక మూగబోయారు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. “మౌనం మంచిదని బుద్ధుడే చెప్పాడు కదా, మాట్లాడి తీరాలని ఎందుకు?” మంచి ప్రశ్న. భిక్షువులు ఒకచోట చేరినప్పుడు చేయదగిన పనులు రెండే అని తథాగతుడు చెప్పాడు. ఒకటి ధమ్మ చర్చ, రెండోది ఆర్య మౌనం. భయంతో నోరు మూసుకోవడం ఈ రెండింటిలో ఏది? చర్చ కాదు. ఆర్య మౌనమా అంటే, అందులో మనసు స్థిరంగా ఉంటుంది. భయపడి ఊరుకున్నవాడి మనసు లోపల ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. ఇంటికి పోయాక కూడా “అప్పుడు ఇట్లా అనాల్సింది” అని నిద్ర పట్టదు. మాట్లాడగలిగి ఊరుకోవడం మౌనం. మాట్లాడలేక ఊరుకోవడం కట్టివేత. మన ధమ్మం కట్లు విప్పే ధమ్మం.

ఈ కట్టు ఎట్లా విప్పాలి? ఐదు భయాలు చెప్పిన సుత్తంలోనే తథాగతుడు నాలుగు బలాలు చెప్పాడు. ప్రజ్ఞాబలం, వీర్యబలం, అనవద్య బలం, సంగ్రహ బలం. ఇవి ఉన్నవారు సభలో జంకును కూడా దాటుతారని చెప్పాడు. ఒక్కొక్కదాన్నీ మన మైకు దగ్గరికి తెచ్చుకుందాం.

ప్రజ్ఞాబలం అంటే ఏది మంచి, ఏది చెడు అని విడదీసి తెలుసుకోవడం. సభకు సంబంధించి దీన్ని ఇట్లా తీసుకోండి: చెప్పే సంగతి మీకు తెలిసి ఉండాలి. పది విషయాలు వద్దు, ఒక్కటి చాలు. దాన్ని కాగితం మీద మీ మాటల్లో రాసుకోండి. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వచ్చేదాకా చదవండి. నడుమ తడబడినా దారి తప్పరు.

వీర్యబలం అంటే ప్రయత్నం వదలకపోవడం. దీనికి మన హైదరాబాదులోనే మనిషి ఉన్నారు. 1888లో మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మగా పేరు పొందిన ఆ మహనీయుడు 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. పెద్ద వేదికలతో మొదలు కాలేదు. బస్తీలలో మన జనానికి తెలిసిన హరికథతో, చిన్న చిన్న కూటాలతో మొదలైంది. పదకొండేళ్ళ తర్వాత, 1917 నవంబరులో, బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షుడు. ‘పంచములు’ అన్న పేరు మనది కాదని, మనం ఈ నేల ఆది జనమని ఆ వేదిక మీద నిలబడి వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. ఒక గొంతు జనం పేరునే మార్చింది. ఆయన తన జీవితంలో 3,000కు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని చెబుతారు. అన్ని ఉపన్యాసాలకూ మొదట ఒకటి ఉంది. దాన్ని విన్నది బస్తీలోని కొద్దిమందే.

అనవద్య బలం అంటే తప్పుపట్టడానికి వీలులేని నడవడి. సభలో భయానికి ఇదొక దాగిన వేరు. రాత్రి తాగి, పొద్దున పంచశీల మీద ఉపన్యాసం ఇవ్వాల్సి వస్తే గొంతు వణకదా? ఇంట్లో భార్య మీద చేయి ఎత్తి, బయట సమానత్వం గురించి మాట్లాడితే ఆమె ముందు వరసలో కూర్చున్నప్పుడు మాట నిలుస్తుందా? ఆ వణుకుకు ప్రాక్టీసు మందు కాదు, శీలమే మందు. వణకకుండా అబద్ధం చెప్పగలిగేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళను చూసి ధైర్యం అనుకోకండి.

నాలుగోది సంగ్రహ బలం. నలుగురిని కలుపుకునే బలం. ఇందులో నాలుగు ఉన్నాయి: దానం, ప్రియమైన మాట, మేలు చేసే నడత, సమానత. దానాల్లో ధమ్మ దానం గొప్పదని తథాగతుడు చెప్పాడు. ఇప్పుడు ఆలోచించండి. అన్నదానం చేసేటప్పుడు మీ గరిటె వణికితే తినేవాళ్ళు మీ చేతిని చూస్తారా, అన్నాన్ని చూస్తారా? మాట కూడా అంతే. “నేను ఎట్లా కనిపిస్తున్నాను?” అనుకున్నంతసేపు భయం పెరుగుతుంది. “వీళ్ళకు ఏం కావాలి, నా దగ్గర ఏం ఉంది?” అనుకుంటే భయానికి నిలబడే చోటు తగ్గుతుంది. ‘నేను’ అన్నది ఎంత చిన్నదైతే సభ అంత దగ్గరవుతుంది. అనాత్మ అని మనం చదివే మాటకు మైకు ముందు అర్థం ఇదే.

1946 డిసెంబరు 17న రాజ్యాంగ సభలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ నడుస్తోంది. అధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ హఠాత్తుగా బాబాసాహెబ్‌ను పిలిచారు. తన ముందు ఇంకా ఇరవై మందికి పైగా ఉన్నారని, తన వంతు మర్నాడు వస్తుందని ఆయన అనుకున్నారు. ఆ సంగతి దాచలేదు. సిద్ధపడి రాలేదని మొదటే చెప్పి మొదలుపెట్టారు. ఎదురుగా కూర్చున్నవారిలో ఎక్కువమంది అప్పటిదాకా ఆయనతో రాజకీయంగా తలపడ్డవాళ్ళు. పాత లెక్కలు తేల్చుకునే అవకాశం ఉన్నా, ఆయన దేశం ఒక్కటిగా నిలవడానికి ఏం చేయాలో, దూరంగా ఉన్నవాళ్ళను ఎట్లా కలుపుకోవాలో చెప్పారు. ఆ సభ చప్పట్లు కొట్టింది. దాని వెనుక జీవితమంతా చేసిన చదువు ఉంది, నిజమే. కానీ ఆ రోజు ఆయన మాటకు దారి చూపింది సంగ్రహం. ఎదుటివాళ్ళకు ఏది అవసరమో అది చెప్పారు.

ఇన్ని తెలిసినా వణుకు వస్తుంది. వస్తే ఏం చేయాలి? బోధి పొందకముందు సిద్ధార్థ గౌతముడు రాత్రిపూట అడవిలో ఉండి తన భయాన్ని తానే పరీక్షించుకున్నాడు. జింక వచ్చినా, నెమలి పుల్ల విరిచినా, గాలికి ఆకులు కదిలినా భయం పుట్టేది. నడుస్తున్నప్పుడు భయం వస్తే కూర్చోలేదు, నడుస్తూనే దాన్ని లోబరచుకున్నాడు. కూర్చున్నప్పుడు వస్తే లేవలేదు. భయం వచ్చిన చోటునే దాన్ని దాటాడు. భయభేరవ సుత్తంలో ఈ సంగతి ఉంది. మనకు పాఠం ఏమిటంటే, మైకు ముందు వణుకు వస్తే దిగిపోకండి. వేగం పెంచి గబగబా ముగించకండి. పాదాలు నేల మీద ఆనినట్టు గమనించండి. ఒక శ్వాస పూర్తిగా వదలండి. “వణుకు వచ్చింది” అని లోపల గుర్తించండి. తర్వాతి వాక్యం చెప్పండి. వణుకు పోయాక మాట్లాడతాను అనుకుంటే ఆ రోజు రాదు. మాట్లాడుతుండగానే అది తగ్గుతుంది.

ఇంతవరకు మాట్లాడేవారి సగం. మిగతా సగం సభది.

బాగా గమనించండి. ఒంటరిగా గదిలో మాట్లాడితే ఎవరికీ భయం లేదు. అంటే భయాన్ని పుట్టించేది వినేవాళ్ళ ముఖాలే. మాట్లాడేవాళ్ళు యాసలో మాట్లాడితే ముసిముసిగా నవ్వేది ఎవరు? మాట నడుమ వ్యాకరణం సరిచేసేది ఎవరు? ఫోన్ చూసుకునేది ఎవరు? ‘సమయం అయిపోయింది’ అని కొత్తవాళ్ళకు చీటీ పంపి, గంటసేపు మాట్లాడే పెద్దలకు పంపనిది ఎవరు? ఆడవాళ్ళను స్వాగతం చెప్పడానికి, వందన సమర్పణకు మాత్రమే పిలిచేది ఎవరు? దొర గడీలో మన తాత గొంతు తగ్గించాడు. మన విహారంలో మన చెల్లె గొంతు తగ్గిస్తే గడీకీ విహారానికీ తేడా ఏమిటి? సంగ్రహంలో నాలుగోది సమానత అని చదువుకున్నాం. అది వేదిక మీదవాళ్ళకు ఎంత వర్తిస్తుందో కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళకూ అంతే వర్తిస్తుంది.

కాబట్టి అభయం ఇవ్వడం సభ ధర్మం. దీనికి ఖర్చేమీ లేదు. వందన తర్వాత ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో తలా ఒకటి నిలబడి చదివే పద్ధతి పెట్టుకోండి. చదవడం వచ్చినవాళ్ళు చదువుతారు, రానివాళ్ళు పక్కవాళ్ళు చెబితే పలుకుతారు. నెలకు ఇద్దరు కొత్తవాళ్ళకు మూడేసి నిమిషాలు ఇవ్వండి. ఆ నిమిషాలు పెద్దలు ముట్టకూడదు. వాళ్ళకు తెలిసిన సంగతే అడగండి. ఆటో నడిపే అన్నను సమ్యక్ ఆజీవం గురించి తన రోజు చెప్పమనండి. ఉస్మానియా దవాఖానలో పనిచేసే అక్కను రోగి దుఃఖం గురించి చెప్పమనండి. ఆగిపోతే ఎవరూ మాట అందించకండి, నవ్వకండి, వేచి ఉండండి. ఆ నాలుగు క్షణాలు ఆగగలిగిన సభలోనే మూగబోయిన గొంతు తెరుచుకుంటుంది.

మాట్లాడబోయే మీకు ఒక్క మాట. మీ గొంతు వణికితే వణకనివ్వండి. వినే మీకు కూడా ఒక్క మాట. ఆ వణుకులో మీ వంతు ఎంతో చూసుకోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!