వారసత్వముగా వచ్చిన బలము

ధ్యానమునకు చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 13 నుండి 16 అధ్యాయములు, 1 రాజులు 12వ అధ్యాయము.



మన పిల్లలు మహావీరుల కథలను బహు ఇష్టముతో చదువుచున్నారు, తెరమీద చూచుచున్నారు. అవి పిల్లలాటలని పెద్దలు త్రోసివేయుట కద్దు. అయితే ఆ కథలలో ఒక గట్టి ప్రశ్న దాగియున్నది. తాను కష్టపడి సంపాదింపని బలము ఒకనికి వచ్చినయెడల, దానిని వాడుట నేర్చుకొను కాలములో జరుగు నష్టమును ఎవరు భరింపవలెను?

అమెరికాలోని మార్వెల్ అను ప్రచురణ సంస్థ 2014వ సంవత్సరములో కమలా ఖాన్ అను బాలిక కథను బొమ్మల పుస్తకములుగా ప్రారంభించినది. రచయిత్రి జి. విల్లో విల్సన్. కమల జెర్సీ సిటీలో నివసించు పాకిస్తానీ కుటుంబపు పిల్ల. పూర్వికుల రక్తములో నిద్రించుచున్న శక్తి, ఒక రాత్రి ఊరిని కమ్మిన వింత మంచువలన ఆమెలో మేల్కొనును. వెంటనే ఆమె తాను అభిమానించు బంగారు జుట్టు వీరవనిత రూపమును ధరించును. శరీరము ఆమె మాట వినదు. ఒకప్పుడు పెరుగును, ఒకప్పుడు చీమంత కుంచించుకొనును. ఇంతలో తనను చిన్నచూపు చూచిన తోటి విద్యార్థిని నీళ్లలో పడి మునిగిపోవుచుండగా, కమల తన చేయి పెంచి ఆమెను బయటికి తీయును. బలము ఒక్క రాత్రిలో వచ్చినది. దానిని అదుపులో పెట్టుకొనుట మాత్రము దినదినము నేర్వవలసి వచ్చినది.

2024 జనవరిలో వచ్చిన తెలుగు చిత్రము 'హనుమాన్' లోను ఇట్టి సంగతియే కలదు. ఒక పల్లెటూరి చిల్లర దొంగకు అనుకొనని బలము దొరకును. అతనికి ఎదురుగా నిలిచిన ప్రతినాయకుడు, మహావీరుడు కావలెనను పిచ్చితో, చిన్నతనముననే తన తలిదండ్రులను చంపుకొన్నవాడు. వానికి ఇంకను బలము రానేలేదు. అయినను దాని వెలను అప్పుడే తన యింటివారిచేత కట్టించెను.

ఇది కథలలోనే యున్నదని తలంపవద్దు. అనకాపల్లి బెల్లము దేశమంతట పేరుగలది. ఇచ్చటి చెరకు రైతు కుమారునికి పొలమును, గానుగయు, పెనమును తండ్రినుండి వచ్చును. పాకము మాత్రము అట్లు రాదు. ముందుగా దించినయెడల బెల్లము గట్టిపడదు. ఆలస్యముగా దించినయెడల మాడి నల్లబడును. కొంచెము పాకమును నీళ్లలో వేసి వ్రేళ్లతో ఉండకట్టి చూచు ఆ నేర్పు, తండ్రి ప్రక్కన నిలిచి ఎన్నియో పెనములు దించినగాని చేతికి రాదు. నేర్చుకొనునప్పుడు ఒకటి రెండు పెనములు చెడును. అందులో తప్పు లేదు. అయితే చెడిన పెనపు నష్టమును పొయ్యిలో మంట వేసిన కూలివాని కూలిలో కోసినయెడల, అది నేర్చుకొనుట కాదు, అన్యాయము.

రెహబాము చేసినది ఇదియే. సొలొమోను సింహాసనము అతనికి వారసత్వముగా వచ్చినది. షెకెములో జనులు కూడి, తండ్రి మోపిన కాడిని తేలిక చేయుమని వేడుకొనిరి. ప్రజలకు దాసుడవై దయగా మాటలాడుమని పెద్దలు చెప్పిరి. అతడు వారిని విడిచి, తనతోకూడ పెరిగినవారి మాట విని, కాడిని మరింత బరువు చేసెదనని కఠినముగా పలికెను. అప్పటికతడు పసివాడు కాడు, 41 సంవత్సరముల వయస్సువాడు. తాను బలవంతుడనని చూపుకొనుటకు జనుల మెడలను వాడుకొనజూచెను. పది గోత్రములు అతనిని విడిచిపోయెను.

సమ్సోను సంగతి ఇంకను దుఃఖకరమైనది. అతడు పుట్టకముందే అతని పని నిర్ణయింపబడెను. అయినను అతడు ఆ బలమును పలుమారులు తన పగ తీర్చుకొనుటకు వాడెను. 300 నక్కలను పట్టి, తోకలకు దివిటీలు కట్టి, ఫిలిష్తీయుల పంట చేలను కాల్చివేసెను. దానికి బదులుగా వారు అతని భార్యను, మామను అగ్నితో కాల్చిరి. సమ్సోను గాయపడలేదు, అతని దగ్గరివారు చనిపోయిరి. బలవంతుని తొందరపాటునకు వెల కట్టువారు తరచుగా ప్రక్కనున్న బలహీనులే.

నీళ్లలో దిగక ఈత రాదు గదా, తప్పు చేయక ఎట్లు నేర్చుకొందుమని మీరడుగవచ్చును. నిజమే. తప్పు చేయని శిష్యుడు లేడు. నేర్చుకొనువానికి ఓపికతో తోడుండుట పెద్దల ధర్మము. అయితే ఈత నేర్చుకొనువాడు ఒడ్డుననున్న పసిపిల్లను మెడకు కట్టుకొని దిగడు. బలము మన కష్టార్జితము కాదు గనుక, దానిని నేర్చుకొను ఖర్చు మన భుజముమీదనే వేసికొనుట న్యాయము. మనకంటె బలహీనుడు దానిని మోయవలసి వచ్చినచోట చేయి వెనుకకు తీసికొనవలెను.

మన యిండ్లలో ఈ బలము ఏ రూపమున నున్నది? చాలమందికి అది తండ్రి విడిచిన రెండు ఎకరముల పొలము, లేక సంఘములో తండ్రి కూర్చున్న పెద్దరికపు స్థానము. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో పిల్లలకు వచ్చు భాగము కుమారులకును కుమార్తెలకును సమానము. అయినను అన్న కాగితము తెచ్చి ముందు పెట్టగానే, పుట్టింటి గడప దూరమగునేమోయను భయముతో సంతకము చేయు చెల్లెండ్రు లేకపోలేదు. ఆ అన్న దుర్మార్గుడు కాకపోవచ్చును. ఇంటి బరువు క్రొత్తగా మీద పడి, అప్పులు తీర్చు దారి వెదకుచుండవచ్చును. అయితే అతడు యజమానుడగుట నేర్చుకొనుచున్నది చెల్లెలి భాగముతో. ఆ కాగితము ముందు పెట్టకముందు, ఆమెకు రావలసినదెంతో అతడే లెక్కకట్టి చెప్పవలెను. ఇచ్చుట కష్టమైనను చెప్పవలెను.

ఈ నెలలో మీ పిల్లలు ఏ వీరుని కథనైనను చదువుచుండగా, కోపపడక వారి ప్రక్కన కూర్చుండుడి. ఈ వీరుడు నేర్చుకొనుచుండగా దెబ్బలు తగిలినదెవరికని వారినడుగుడి. వారు జవాబు చెప్పిన తరువాత, అదే ప్రశ్నను మన యింటిని గూర్చి అడుగుటకు వారికి సెలవిండు.