మాధవీలత చేసిన నేరమేమి?

లోకమునందలి వస్తువులను మంచివనియు చెడ్డవనియు రెండు రాసులుగ విభజించుట మనకు బాల్యమునుండి అలవడిన పద్ధతి. ఆ మంచిచెడ్డలు వస్తుస్వభావమునందున్నవా, లేక అది యున్న చోటునుబట్టి కలుగుచున్నవా యని విచారించువారు అరుదు. ఈ ప్రశ్నకు మాధవీలత తగిన నిదర్శనమని మాకు తోచుచున్నది.

సంస్కృతకవులకు మాధవి మిక్కిలి ప్రీతిపాత్రము. శాకుంతల షష్ఠాంకమున దుష్యంతుడు విరహార్తుడై చేరినది మాధవీమండపమునే. ఈ తీగ భారతదేశమునందును, ఆగ్నేయాసియాయందును అడవులలో సహజముగ పెరుగును; చెట్లను అల్లుకొని వెలుతురుకై పైకి ఎగబ్రాకును. వసంతమున కుచ్చుల అంచులుగల ఐదేసి తెల్లని రేకులతో పూచును. అందొక రేకుపై పసుపుచాయ యుండును. కాయకు మూడు రెక్కలు. గాలికి గిరగిర తిరుగుచు దూరమున పడును. మన యడవులలో దీనితో పోటీపడు చెట్లును, దీనిని తిని బ్రతుకు పురుగులును గలవు. కావున నిచ్చట నిది అనేకలతలలో నొకటి మాత్రమే.

హిందూమహాసముద్రమునందలి మారిషస్, రీయూనియన్ ద్వీపములకు ఈ తీగను మనుష్యులే అలంకారమునకై కొనిపోయిరి. అచ్చట నది తోట దాటి, కొలదిగా మిగిలియున్న మెట్టయడవులపై దట్టముగ క్రమ్ముకొని, క్రిందిమొక్కలకు వెలుతురు లేకుండ జేసినది. 2000 సంవత్సరమున ప్రకటితమైన, లోకమునకు అత్యంత హానికరములగు నూరు పరదేశజీవుల పట్టికలో మన మాధవియు చేరినది.

కవులు మెచ్చిన పువ్వు అదియే, రెక్కలకాయ అదియే, ఎగబ్రాకు శక్తియు అదియే. మారినది చోటు మాత్రమే. అట్లయిన దోషమెవ్వరిది? ఏమియు నెరుగని తీగది కాదు. అందమును జూచి పర్యవసానమును జూడని వివేకవంతునిది. అమెరికాఖండపు లాంటానాయు మన దేశమునకు ఇట్లే అలంకారమునకై వచ్చి, నేడు మన యడవులలో పశువుల మేతను మ్రింగుచున్నది.

తీగ నిర్దోషియైనచో దానిని పెరుకుట అన్యాయము గదా యని కొందరందురు. మేమట్లనము. ఆ దీవులలో మరెచ్చటను లేని చెట్లు గలవు. అవి నశించినచో మరల రావు. కావున అచ్చట మాధవిని పెరుకుట కర్తవ్యమే. కాని పెరుకువానికి ద్వేషము తగదు. అది దండనము కాదు. తెచ్చినవారి ఋణమును తీర్చుట. హానిని ఆపుట యొకటి; హానికి కారణమైనదానిని పాపి యనుట వేరొకటి. ఈ భేదమెరిగినవారే న్యాయముగ తీర్పు చెప్పగలరు.

ఇకమీద పరదేశపుమొక్కను తెచ్చి నాటువారు దాని పువ్వునే గాక, దాని గింజ యెంతదూరము పోవునో కూడ విచారింతురు గాక!