అతకని నిజం

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 ప్రసారం చేసే ‘ది అన్‌బిలీవబుల్ ట్రూత్’ అనే హాస్య కార్యక్రమం లోకరీతికి తలకిందులుగా నడుస్తుంది. లోకంలో అబద్ధమాడేవాడు నాలుగు నిజాల నడుమ ఒక అబద్ధాన్ని దూరుస్తాడు. ఈ ఆటలో అబద్ధాల కుప్పలో ఐదు నిజాలు దాచి, వాటిని ఎవరూ పసిగట్టకుండా దాటించాలి. గ్రేమ్ గార్డెన్, జాన్ నైస్మిత్ కలిసి రూపొందించిన ఈ కార్యక్రమం 2006లో ఒక నమూనా భాగంగా వినిపించి, 2007 నుంచి వరుసగా సాగుతోంది. నిర్వాహకుడు డేవిడ్ మిచెల్.

ఆటలో నలుగురు ఉంటారు. హెన్నింగ్ వేన్, లూసీ పోర్టర్, టోనీ హాక్స్ వంటి హాస్యకారులు మళ్ళీ మళ్ళీ వస్తుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో విషయం ఇస్తారు. దాని మీద ముందే రాసుకొచ్చిన చిన్న ఉపన్యాసాన్ని, పండితుడు పాఠం చెప్పినంత గంభీరంగా చదవాలి. మిగతా ముగ్గురూ వింటూ, నిజం అనిపించిన చోట బజర్ నొక్కుతారు. ఊహ సరైతే ఒక పాయింటు వస్తుంది, తప్పితే ఒకటి పోతుంది. ఎవరూ పట్టుకోని ప్రతి నిజానికీ ఉపన్యాసకుడికి ఒక పాయింటు.

ఆ ధోరణిలో అరటిపండు మీద ఒక ఉపన్యాసాన్ని ఊహించుకోవచ్చు. అరటిపండును మొదట గొడుగులకు పిడిగా వాడేవారు. విక్టోరియా రాణి దాన్ని చాకూ ఫోర్కూ లేకుండా తిన్న మంత్రిని కొలువులోంచి తీసేసింది. వృక్షశాస్త్రం లెక్కన అరటిపండు బెర్రీ జాతి ఫలం, స్ట్రాబెర్రీ మాత్రం కాదు. వంకర లేని అరటిపండ్లను వాయించే సంగీత విద్వాంసులు వియన్నాలో ఉన్నారు. ప్రతి అరటిపండులోంచీ అతి స్వల్పంగా అణుధార్మికత వెలువడుతుంది. ఈ మాటలన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో దొర్లిపోతే, బెర్రీ సంగతీ అణుధార్మికత సంగతీ గొడుగు పిడి పక్కనే చెల్లిపోతాయి. అరటిపండులోని పొటాషియంలో రవ్వంత భాగం సహజంగానే అణుధార్మికమైనది. అది ముమ్మాటికీ నిజం. అయినా చెవికి మంత్రి ఉద్యోగం పోయిన కథే ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది. రాణులంటే అలాగే ఉంటారని మనసులో ముందే ఒక బొమ్మ ఉంది కదా!

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలని తెలుగువాళ్ళు అంటారు. ఆ మాటలో అబద్ధం లక్షణమే కాదు, వినేవాడి లక్షణమూ ఉంది. మనిషి ఒక మాటను నిజమని ఒప్పుకునే ముందు లోకంలోకి వెళ్ళి చూసి రాడు. తనకు ముందే తెలిసినదానితో అది అతుకుతుందా లేదా అని మాత్రం చూస్తాడు. అబద్ధాన్ని తయారుచేసేవాడికి ఈ సంగతి తెలుసు కాబట్టి అతుకు కనిపించకుండా చెక్కుతాడు. నిజాన్ని ఎవరూ చెక్కలేదు. అది ఎవరి నమ్మకానికీ సరిపడేలా పుట్టలేదు. 1932లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పంటలు పాడుచేస్తున్న ఈమూ పక్షుల మీదికి మెషిన్‌గన్లతో సైనికులను పంపింది, పక్షుల సంఖ్యను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేక ఆ సైనికులు వెనక్కి వచ్చారు. 1896లో బ్రిటన్‌కూ జాంజిబార్‌కూ నడుమ జరిగిన యుద్ధం గంట తిరక్కుండానే ముగిసింది. ఒక కథకుడు ఇలాంటివి కల్పిస్తే సంపాదకుడు కొట్టేస్తాడు.

ఈ ఆటలోని అసలు నేర్పు నవ్వు దగ్గర ఉంది. అబద్ధాన్ని నవ్వించడానికే రాస్తారు కాబట్టి దాని చివర ఒక చమత్కారం ఉంటుంది. నిజానికి ఆ పని లేదు, అది చప్పగా ఆగిపోతుంది. అనుభవమున్న ఆటగాడు మాటకు అర్థం వెతకడం మానేసి, నవ్వు రావలసిన చోట రాలేదేమని గమనిస్తాడు. ఆ వెలితి దగ్గరే బజర్ నొక్కుతాడు. ఆరితేరిన ఉపన్యాసకుడు అందుకే నిజానికి కూడా ఒక జోకు తగిలిస్తాడు, అబద్ధాలకు తేదీలూ అంకెలూ తొడుగుతాడు. కచ్చితమైన అంకె కనబడగానే నిజమనుకునే అలవాటును ఇంత సూటిగా పరీక్షించేది మరొకటి అరుదు. పైగా ఇది రేడియో. ఇంట్లో వినేవాడికి చూపు తడబడటం, పెదవి వణకడం ఏవీ కనిపించవు. మిగిలేది శబ్దం ఒక్కటే.

శబ్దం భారతీయ తర్కంలో ఒక ప్రమాణం, అంటే సరైన జ్ఞానానికి ఒక ఆధారం. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం శబ్దమంటే ఆప్తుడి వాక్యమనీ, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడనీ నిర్వచించింది. అంటే మాట బలమంతా చెప్పేవాడిలో ఉంది. ఈ ఆటలో ఉపన్యాసకుడు ఆ కొద్ది నిమిషాలూ ఆప్తత్వాన్ని బాహాటంగా వదులుకుంటాడు. అయినా అతని నోట ఐదు నిజాలు వస్తాయి. ఆప్తుడు కానివాడి నిజాన్ని దేనితో పట్టుకోవాలన్నది అప్పుడు ఎదురయ్యే ప్రశ్న.

దీనికి దగ్గరి చర్చ మన దర్శనాల్లో తరతరాలు సాగింది. మీమాంసకుల లెక్కలో కలిగిన జ్ఞానం తనంతట తానే ప్రమాణం, దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం వచ్చేదాకా నమ్మవచ్చు. న్యాయదర్శనం వాళ్ళైన నైయాయికులు దీనికి ఒప్పుకోరు. దూరాన నీళ్ళు కనిపించాయి, అవి నీళ్ళో ఎండమావో దగ్గరికి వెళ్ళి తాగితేగానీ తేలదంటారు. మూడో పక్షం ఒకటుంది. సర్వదర్శనసంగ్రహం అనే గ్రంథం దాన్ని బౌద్ధులదిగా చెబుతుంది. ఆ పక్షంలో జ్ఞానం మొదట అప్రమాణమే, ప్రమాణమని తేలడం తర్వాతి సంగతి. రేడియో ఆట అచ్చంగా ఈ మూడో పక్షం మీద నిలబడింది. అక్కడ వినపడేదంతా అబద్ధమన్నదే పునాది. నమ్మడానికే ధైర్యం కావాలి, తప్పితే పాయింటు పోతుంది.

అయితే ఊరికే కూర్చున్నా నష్టమే. ఏదీ నమ్మనివాడికి పాయింటు పోదు, రాదు కూడా. అతని ముందునుంచే ఐదు నిజాలూ నడిచిపోతాయి, వాటి లాభం ఎదుటివాడికి చేరుతుంది. అన్నిటినీ అనుమానించడం తెలివిగా చెలామణీ అయ్యే కాలంలో ఈ ఒక్క నిబంధన చాలా విలువైనది. నమ్మి మోసపోవడాన్ని లోకం ఎప్పుడూ లెక్కకడుతుంది. నమ్మక పోగొట్టుకున్నదాన్ని లెక్కకట్టేవాళ్ళు తక్కువ. ఈ ఆట రెండిటినీ ఒకే పట్టికలో చూపిస్తుంది.

ఇదంతా సాగడానికి ఒక్కడు మాత్రం అబద్ధమాడకూడదు. నిర్వాహకుడి దగ్గర ముందే సరిచూసిన నిజాల జాబితా ఉంటుంది. బజర్ మోగినప్పుడు అతను అవునంటే అవును, కాదంటే కాదు. నలుగురు స్వేచ్ఛగా బొంకగలిగేది ఆ ఐదో మనిషి మాట మీద అందరికీ గురి ఉండటం వల్లే. ఉపన్యాసం అయిపోయాక అతను దాటిపోయిన నిజాలను ఒక్కొక్కటిగా చదువుతాడు. కాసేపటి క్రితం నవ్వి వదిలేసిన మాటే మళ్ళీ వినబడుతుంది, ఈసారి నిజంగా. ఉపన్యాసకుడి ఖాతాలో పాయింట్లు పడతాయి, తర్వాతి మనిషికి విషయం ప్రకటిస్తారు.