తొలి జీతం ధర్మసమ్మతమేనా?

డిగ్రీ చేతికొచ్చిన రోజున ఇంట్లో మిఠాయి పంచుకుంటాం. మర్నాటి నుంచే ఉద్యోగాల వేట మొదలవుతుంది. ఎక్కడ చూసినా ‘రెండేళ్ళ అనుభవం తప్పనిసరి’ అనే మాటే. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. హైదరాబాద్ అమీర్‌పేటకు సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వెళ్ళిన మన పిల్లలకు దీనికో అడ్డదారి చూపించేవారూ తారసపడతారు. డబ్బిస్తే చాలు, ఎన్నడూ గడప తొక్కని కంపెనీలో పనిచేసినట్లు సర్టిఫికెట్టు, పే స్లిప్పులు చేతిలో పెడతారు.

“పని నాకు వచ్చు. చేరాక కష్టపడి చేస్తాను. ఒక్క కాగితం అబద్ధమైనంత మాత్రాన సంపాదన హరామ్ అవుతుందా?” అని యువకులు అడుగుతారు. ఈ ప్రశ్నను కసిరి కొట్టేయకూడదు. దాని వెనుక ఇంటి అద్దె ఉంది, చెల్లెలి పెళ్ళి ఉంది, తండ్రి చేసిన అప్పు ఉంది.

దివ్యఖుర్ఆన్ అల్ ఖసస్ సూరాలో ఉపాధి లేని ఒక యువకుని గాథ ఉంది. హజ్రత్ మూసా (అ) ప్రాణాలు అరచేత పట్టుకొని ఈజిప్టు నుంచి మద్‌యన్ చేరారు. బావి వద్ద ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు తోడిపెట్టి, నీడకు చేరి, తన ప్రభువును మేలు కోరుకున్నారు. ఆ స్త్రీల తండ్రి ఆయన్ని పిలిపించారు. మూసా (అ) ఆ వృద్ధునికి తన వృత్తాంతమంతా విన్పించారు (28:25). తన చేతి దెబ్బకు ఒక మనిషి చనిపోవడం, ఫిరౌన్ మనుషులు తనను చంపజూడటం ఆ వృత్తాంతంలోనివే. దాచిపెడితే ఈజిప్టు నుంచి వచ్చి చెప్పేవారెవరు? అయినా దాచలేదు. ఆయన్ని పనిలో పెట్టుకోమని కుమార్తె సలహా ఇచ్చింది ఆ తర్వాతే. బలమూ, నమ్మకమూ ఉన్నవాడే మంచి పనివాడని ఆమె చెప్పిన కారణం (28:26). ఎనిమిదేళ్ళకు, ఆయన ఇష్టపడితే పదేళ్ళకు ఒప్పందం కుదిరింది.

బలమంటే నేటి భాషలో నైపుణ్యం. దొంగ సర్టిఫికెట్టు కొనేవాడు బలం చూపించడానికి నమ్మకాన్ని అమ్ముకుంటున్నాడు. మహాప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. మోసగించేవాడు మనవాడు కాడని ఆయన హెచ్చరించారు. ఆ ధాన్యం పనికిరానిదని కాదు, తడిని దాచడమే తప్పు. పైగా, ఉన్నదున్నట్లు రాసుకున్న మరో పేద బిడ్డ ఆ ఉద్యోగం పోగొట్టుకుంటాడు. అది దాసుల హక్కు. పి.ఎఫ్. వివరాలు చూసి కంపెనీలు పట్టేస్తాయి గనుక మానుకోమని మేము చెప్పడం లేదు. పట్టుబడకపోయినా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

మరి ఇప్పటికే అలా చేరినవారి సంగతి? మోసం పాపమే, దానికి పశ్చాత్తాపం తప్పనిసరి. అయితే పని నిజంగా వచ్చి, దాన్ని సక్రమంగా చేస్తుంటే ఆ శ్రమకు వచ్చే జీతం హరామ్ కాదని పలువురు పండితుల అభిప్రాయం. పని రాకుండా జీతం తీసుకునేవారికి ఈ మాట వర్తించదు. బావిలో పడ్డవాడికి తాడు వేశారని, గట్టున ఉన్నవాడు బావిలో దూకడు కదా!

మనలోని నిజమైన యోగ్యతను చెప్పుకోవడం తప్పుకాదు. హజ్రత్ యూసుఫ్ (అ) తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని రాజుతోనే చెప్పారు (12:55). కాలేజీలో చేసిన ప్రాజెక్టు చూపండి. తక్కువ జీతమైనా అప్రెంటిస్‌గా చేరండి. ఏడాది గడిస్తే అది నిజమైన అనుభవం.

తల్లిదండ్రులకు ఒక మాట. “పక్కింటి అబ్బాయికి వచ్చింది, నీకింకా రాలేదా?” అని రోజూ అడిగే ఇల్లే చాలాసార్లు బిడ్డను ఆ అడ్డదారిలోకి నెడుతుంది. ఆర్నెల్లు ఆలస్యమైనా హలాల్ అన్నమే తిందామని వాడికి ధైర్యం చెప్పండి.

అల్లాహ్ మన పిల్లలకు బలాన్నీ, నమ్మకాన్నీ కలిపి ప్రసాదించుగాక! ఆమీన్.