విదేశ వైద్యవిద్య – తీరవలసిన ఋణము

మన బిడ్డలు వైద్యవిద్యకై విదేశములకేగుట నేడు వింత గాదు. అందుకు తోడ్పడునవేవి, అడ్డువచ్చునవేవి యని విచారించునపుడు అందరును మొదట ధనమునే తలంతురు. ధనము ముఖ్యమే. కాని దాని వెనుక ధర్మప్రశ్న యొకటి కలదని మా భావము. పదిమంది తోడ్పాటుతో వెళ్లినవాడు ఎవరికి ఋణపడును? ఆ ఋణమెట్లు తీరును?

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము ఈ విచారణకు తగియున్నది. మదరాసు వైద్యకళాశాలలో చదివి వారు అమెరికాకు పయనమైరి. మామగారి సాయమునకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్‌గారి ధర్మసంస్థ ధనమొసగెను. ఆ నాయకర్‌గారు రంగూనులో శ్రమించి ధనమార్జించినవారు. అనగా పరదేశమున ఒక తెలుగువాడు కూడబెట్టిన సొమ్మే మరియొక తెలుగువానిని సముద్రము దాటించెను. రాష్ట్రేతరాంధ్రులమైన మనకిది గర్వకారణము మాత్రమే గాదు, కర్తవ్యబోధ కూడ.

సుబ్బారావుగారు తిరిగి రాలేదు. 1948లో న్యూయార్కులో కన్నుమూసిరి. కాని లెడర్లే సంస్థలో వారి ఆధ్వర్యమున రూపొందిన హెట్రజాన్ ఔషధము వచ్చెను. బోదకాలుతో తరతరములుగా క్లేశపడిన గోదావరి మండలములకు అది మేలు చేసెను. ధర్మసంస్థ ఋణము వడ్డీతో తీరినదనవచ్చును. మరి ఇంట వేచియున్న భార్య ఋణమో? లోకమునకు చేసిన మేలు ఇంటివారి ఖాతాలో జమ కాదు. చిరకాలము లెక్కలు వ్రాసిన మాకు ఈ మాట విశేషముగా తోచుచున్నది.

నేటి అడ్డంకులు వేరు. విదేశమునకేగుటకు నీట్ అర్హత వలయును. 2021 నాటి నిబంధనల ప్రకారము కనీసము 54 నెలల చదువు, అచ్చటనే 12 నెలల శిక్షణ, తిరిగివచ్చి అర్హతాపరీక్ష, మరల 12 నెలల శిక్షణ తప్పవు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్‌పై యుద్ధము రాగా వేలకొలది భారత విద్యార్థులు చదువు నడుమ మరలవలసివచ్చెను. బోధన ఆంగ్లమున నున్నను రోగి తన బాధను తన భాషలోనే చెప్పును. ఇచ్చట మాత్రము మన బిడ్డలకొక మేలు కలదు. ఇంట తెలుగు, వీథిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో విని పెరిగిన చెవికి పరభాష భయము కలిగింపదు.

కావున పెద్దలకు మా విన్నపమిది. పంపుటకు ముందే అప్పెంత, ఎవరిది, ఏ పొలము తాకట్టులో నున్నది, ఏ చెల్లెలి చదువు ఆగినది బిడ్డకు దాచక చెప్పవలెను. తెలిసి మోసిన భారము బాధ్యతయగును. తెలియక మోసినది ఉరియగును. తిరిగి వచ్చితీరవలెనని శాసింపనక్కరలేదు. బిడ్డ మదుపు సొమ్ము కాడు. కాని లోకసేవ యను మాట మాటున ఇంటివారిని మరచుటయు ధర్మము గాదు. సత్యలింగం నాయకర్‌గారివలె ఇచ్చిన పిదప చేయి చాపనివారు మన సంఘములలో నలుగురున్నచో, బిడ్డ భుజముపై బరువు కొంత తగ్గును. ఇంటి ఋణము తీర్చుకొనుటకు వానికి తీరిక మిగులును.